ఎలక్ట్రిక్ షవర్ మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రిక్ షవర్ గురించి అడిగేవారి మాటలు మారుతుంటాయి గానీ సందేహాలు మాత్రం అవే ఉంటాయి. వేడి రావడం లేదంటారు, వచ్చిన వేడి నిలవడం లేదంటారు, బ్రేకర్ ట్రిప్ అవుతోందంటారు, ఎక్కడి నుంచో నీరు కారుతోందంటారు. ఆ సందేహాలన్నింటినీ ఇక్కడ ఒకచోట చేర్చడమైనది. గోడకు బిగించి ఉండి, చల్లని నీటిని నిల్వ చేయకుండా పారుతుండగానే వేడిచేసే షవర్లకే ఈ జవాబులు వర్తిస్తాయి. నీటిని తొట్టిలో నింపి కాచే గీజర్ల సంగతి వేరు. లెక్కలన్నీ 230 వోల్టుల సరఫరాకు వేసినవి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునే వీలుండాలి కనుక కొన్ని జాగ్రత్తలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

పేరులో ‘ఎలక్ట్రిక్’ ఉన్నందువల్ల అందరి అనుమానమూ ముందు కరెంటు మీదికే పోతుంది. అయితే చాలా ఫిర్యాదులకు మూలం నీటి ప్రవాహంలోనే దొరుకుతుంది. అందుకే నీటికి సంబంధించిన ప్రశ్నలను ముందు, కరెంటుకు సంబంధించిన వాటిని తరువాత ఉంచాము.

## చేయి పెట్టే ముందు

నా షవర్‌ను నేనే బాగుచేసుకోవచ్చా, లేక తప్పకుండా ఎలక్ట్రీషియన్‌నే పిలవాలా?

కవర్ విప్పకుండా చేయగలిగిన పనులు ఎవరైనా చేసుకోవచ్చు. షవర్ తలను శుభ్రం చేయడం, హోస్ మార్చడం, నీటి వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడడం, ఫిల్టర్ బయటికే అమర్చి ఉంటే దాన్ని కడగడం ఇటువంటివే. కవర్ విప్పిన తరువాత చేసే పనులకు మాత్రం రెండు షరతులు ఉన్నాయి. కరెంటు పూర్తిగా ఆగిందని పరికరంతో నిర్ధారించడం తెలిసి ఉండాలి. తీగలను తీసిన చోటనే, తీసిన విధంగానే తిరిగి బిగించగలగాలి. ఈ రెండింటిలో ఏది సందేహమైనా కవర్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది. గోడలోని కేబుల్, ఐసోలేటర్ స్విచ్ (షవర్‌కు వచ్చే సరఫరాను పూర్తిగా తెంపేది), డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ఎర్తింగ్ అనేవి ఎంత నేర్పు ఉన్నవారికైనా ఇంటి పనుల కింద వచ్చేవి కావు. కొన్ని దేశాల్లో స్నానాల గది వైరింగ్‌ను అర్హత ఉన్నవారే చేయాలని చట్టమే చెబుతుంది కనుక, మీ ప్రాంతపు నిబంధనను ముందుగా తెలుసుకోండి.

షవర్ తాకితే, నీళ్ళు పడితే జివ్వుమంటోంది. కొద్దిగానే కదా, వాడుకోవచ్చా?

వాడకూడదు. వెంటనే నీటి నుంచి బయటికి వచ్చి, తడి చేతులతో షవర్ స్విచ్‌ను తాకకుండా, డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర ఆ సర్క్యూట్ ఎంసీబీని (లోడు మించితే సరఫరాను తెంపే బ్రేకర్‌ను) ఆపండి. జివ్వుమనడం అంటే నీటిలోకో లోహభాగంలోకో కరెంటు చేరుతోందనీ, దాన్ని భూమికి తీసుకుపోవలసిన ఎర్త్ తీగ ఆ పని చేయడం లేదనీ అర్థం. ఎర్త్ సరిగా ఉండి, కరెంటు దారి తప్పి ఎర్త్‌కు కారితే సరఫరాను తెంపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పనిచేస్తూ ఉంటే, మనిషికి ఆ జివ్వు తెలిసేలోపే సరఫరా తెగిపోయేది. అంటే ఇక్కడ ఒకటి కాదు, కనీసం రెండు లోపాలు కలిసి ఉన్నాయి. ఇది ఇంట్లో వెతికి పట్టుకునే లోపం కాదు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్‌నూ ఇన్సులేషన్‌నూ పరీక్షించేంత వరకు ఆ షవర్‌ను ఎవరూ వాడకుండా చూడండి.

కవర్ విప్పే ముందు కరెంటు పూర్తిగా ఆగిందని ఎలా తెలుసుకోవాలి?

షవర్ మీది బటన్‌ను ఆపినంత మాత్రాన లోపలి టెర్మినళ్ళకు కరెంటు రావడం ఆగదు. ముందు ఐసోలేటర్‌ను, తరువాత బోర్డులోని ఎంసీబీని ఆపండి. మీరు పనిలో ఉండగా మరొకరు దాన్ని పైకి ఎత్తకుండా తాళం వేయండి, అది కుదరకపోతే టేపు అంటించి కాగితం మీద రాసి పెట్టండి. తరువాత రెండు కొనలున్న వోల్టేజి టెస్టర్‌ను కరెంటు ఉన్నట్టు తెలిసిన మరో చోట పెట్టి, అది పనిచేస్తోందని చూసుకోండి. అప్పుడు షవర్ టెర్మినళ్ళలో ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య కొలవండి. ఆ తరువాత టెస్టర్‌ను తిరిగి మొదటి చోట పెట్టి, అది ఇంకా పనిచేస్తోందని నిర్ధారించుకోండి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. మధ్యలో టెస్టరే చెడిపోతే అది చూపే సున్నాను నమ్మి చేయి పెట్టడం జరుగుతుంది.

చిన్న బల్బు వెలిగే టెస్టర్ స్క్రూడ్రైవర్ ఈ పనికి చాలదు. అది వెలిగితే కరెంటు ఉందని అనుకోవచ్చు గానీ, వెలగకపోతే లేదని అనుకోవడానికి వీల్లేదు.

## నీరు, వేడి సరిగా రానప్పుడు

స్నానం మధ్యలో ఒకసారి కాలిపోయేంత వేడిగా, ఒకసారి మంచులా వస్తున్నాయి. థర్మోస్టాట్ పోయిందా?

చాలాసార్లు థర్మోస్టాట్ తన పని తాను సరిగ్గా చేస్తున్నందువల్లే ఇలా జరుగుతుంది. ఎలక్ట్రిక్ షవర్ నీటికి ఇచ్చే వేడి ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. ఆ వేడిని ఎంత నీరు పంచుకుంటుందన్న దాన్ని బట్టి ఉష్ణోగ్రత మారుతుంది. ఒక కిలోవాట్ శక్తి నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీటిని సుమారు 14.3 డిగ్రీల సెల్సియస్ మేరకు వేడెక్కిస్తుంది. 8.5 కిలోవాట్ల షవర్‌లో నిమిషానికి 6 లీటర్లు పారితే నీరు 20 డిగ్రీలు వేడెక్కుతుంది. అదే సమయంలో వంటింట్లో కుళాయి తిప్పడం వల్ల ధార 3 లీటర్లకు పడిపోతే పెరుగుదల 40 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చిన నీరు 65 డిగ్రీల వైపు పోతుండగా, రక్షణ కోసం పెట్టిన థర్మోస్టాట్, నీటిని వేడిచేసే ఎలిమెంట్‌ను ఆపుతుంది. అందుకే ఒక్కసారిగా చన్నీళ్ళు వస్తాయి. నీరు చల్లబడగానే ఎలిమెంట్ మళ్ళీ మొదలై, ఇదే తంతు తిరిగి నడుస్తుంది.

కాబట్టి ప్రవాహం ఎందుకు తగ్గుతోందో వెతకండి. షవర్ తలను తీసి, హోస్ చివర నుంచి నేరుగా నీరు పోనిచ్చి చూడండి; అప్పుడు వేడి నిలకడగా వస్తే లోపం తల రంధ్రాల్లో పేరుకున్న గారది, అంటే నీటిలోని సున్నం కట్టిన గట్టి పొరది. హోస్‌ను కూడా తీస్తే గానీ బాగుపడకపోతే, హోస్ లోపలి రబ్బరు గొట్టం నలిగి మూసుకుపోతోందని అర్థం. పైనున్న లోహపు చుట్ట చూడడానికి చక్కగానే ఉంటుంది కనుక దీన్ని ఎవరూ అనుమానించరు. రెండూ బాగుంటే ఇన్‌లెట్ ఫిల్టర్‌నూ, సగం మూసి ఉన్న వాల్వునూ, ఇంట్లో ఇతర కుళాయిలు తెరిచినప్పుడు తగ్గే ఒత్తిడినీ చూడాలి. ఎండాకాలంలో మాత్రమే ఇలా జరుగుతుంటే షవర్‌ను తక్కువ శక్తి సెట్టింగ్‌కు మార్చండి. అప్పటికే వెచ్చగా వచ్చే నీటికి పూర్తి కిలోవాట్లు అక్కర లేదు.

ప్రవాహం నిలకడగా ఉండి కూడా వేడి ఊగిసలాడుతుంటే, అప్పుడు థర్మోస్టాట్‌నూ ప్రవాహాన్ని నిలకడగా ఉంచే లోపలి వాల్వునూ అనుమానించవచ్చు.

వేడి పెంచితే నీటి ధార తగ్గిపోతోంది. ఇది లోపమా?

కాదు. చాలా షవర్లలో వేడిని మార్చే మీట నిజానికి ప్రవాహాన్ని మార్చే మీటే. నీరు తగ్గితే వేడి పెరుగుతుంది.

చలికాలం వచ్చేసరికి షవర్ బలం తగ్గింది. ఎలిమెంట్ పాతబడిందా?

అలా అనుకునే ముందు ఒక చిన్న లెక్క వేయండి. స్నానానికి 40 డిగ్రీల నీరు కావాలనుకుందాం. లోపలికి వచ్చే నీరు 25 డిగ్రీలు ఉంటే 15 డిగ్రీలు పెంచితే చాలు, 8.5 కిలోవాట్ల షవర్ నిమిషానికి దాదాపు 8 లీటర్లు ఇవ్వగలదు. అదే నీరు 10 డిగ్రీలకు చల్లబడితే 30 డిగ్రీలు పెంచాలి. అప్పుడు అదే షవర్ నిమిషానికి 4 లీటర్లే ఇవ్వగలదు. సగానికి సగం తగ్గినా షవర్‌లో ఏ లోపమూ లేదు. కొత్త షవర్ కొన్నా, అది ఇన్ని కిలోవాట్లదే అయితే, ఇదే ఫలితం వస్తుంది.

నీళ్ళు బాగానే వస్తున్నాయి, కానీ అసలు వేడెక్కడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు చన్నీళ్ళ సెట్టింగ్‌లో లేదని చూసుకోండి. వినడానికి వింతగా ఉన్నా, శుభ్రం చేసేటప్పుడు మీట తిరిగిపోవడం మామూలే. తరువాత ధార బలాన్ని చూడండి. తగినంత ఒత్తిడి లేనిదే ఎలిమెంట్ మొదలు కాకుండా లోపల ఒక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. చాలా మోడళ్ళకు నీరు పారుతున్నప్పుడు 0.7 నుంచి 1 బార్ వరకు ఒత్తిడి కావాలి. 10 మీటర్ల ఎత్తు నీరు సుమారు 1 బార్ ఒత్తిడినిస్తుంది. అంటే షవర్‌కు 3 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి వచ్చేది 0.3 బార్ మాత్రమే. అటువంటి ఇంట్లో వేడి రాకపోవడానికి కారణం షవర్ చెడిపోవడం కాదు, ఆ ఇంటికి తగని షవర్‌ను ఎంచుకోవడం. ట్యాంకు నీటి కోసం పంపుతో కూడిన మోడళ్ళు విడిగా ఉంటాయి.

ఒత్తిడి చాలినంత ఉండి, ఇంతకుముందు బాగా పనిచేసిన షవరే ఇలా అయితే, అనుమానించవలసినవి నాలుగు: థర్మల్ కటౌట్ (వేడి మితిమీరితే ఎలిమెంట్‌ను ఆపే భాగం) తెగడం, ప్రెషర్ స్విచ్ అంటుకోకపోవడం, ఎలిమెంట్ తెగడం, టెర్మినల్‌లో తీగ కాలి వదులవడం. నీరు మొదలైన క్షణాన లోపల ‘టిక్’ మన్న చప్పుడు వినిపిస్తే ప్రెషర్ స్విచ్ కదులుతోందని అనుకోవచ్చు; మిగిలినవాటిని కరెంటు ఆపి, మల్టీమీటర్‌తో చూడాలి.

గోరువెచ్చగానే వస్తున్నాయి. పూర్తి వేడికి పెట్టినా అంతే. ఎందుకు?

చాలా షవర్లలో రెండు ఎలిమెంట్లు ఉంటాయి. తక్కువ సెట్టింగ్‌లో ఒకటి, ఎక్కువ సెట్టింగ్‌లో రెండూ పనిచేస్తాయి. రెండు సెట్టింగ్‌లలోనూ ఒకే వేడి వస్తే ఒక ఎలిమెంట్ గానీ, దానికి కరెంటునిచ్చే స్విచ్ గానీ పోయిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. సాయంత్రం పూట మాత్రమే ఇలా ఉంటే వోల్టేజిని కొలిపించండి. శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక 230 వోల్టులు 200కు పడితే 8.5 కిలోవాట్ల షవర్ 6.4 కిలోవాట్లే ఇస్తుంది. కొన్ని షవర్ల మీద రాసిన కిలోవాట్లు 240 వోల్టుల లెక్కవని కూడా గుర్తుంచుకోండి, అక్కడ 8.5 అని ఉన్నది 230 వోల్టుల దగ్గర 7.8 మాత్రమే.

ఆన్ చేసినా ఒక్క చుక్క నీరు రావడం లేదు. షవర్ దీపం మాత్రం వెలుగుతోంది. ఏమయి ఉంటుంది?

మిగతా కుళాయిల్లో నీరు వస్తూ, షవర్ వాల్వు తెరిచే ఉంటే, లోపలి సోలినాయిడ్ వాల్వు తెరుచుకోవడం లేదని అనుకోవాలి. ఇది కరెంటుతో పనిచేసే చిన్న కుళాయి. తీగచుట్ట కాలిపోయినా, ముందున్న జల్లెడలో ఇసుక నిండినా తెరుచుకోదు. ఆన్ చేసినప్పుడు సన్నగా గుంయ్‌మన్న చప్పుడు వినిపించి కూడా నీరు రాకపోతే చుట్ట బాగున్నట్టే, అడ్డు నీటి దారిలో ఉన్నట్టే.

ఆపేసిన తరువాత కూడా షవర్ తల నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి.

కొన్ని నిమిషాల్లో ఆగిపోతే అది హోస్‌లో, తలలో మిగిలిన నీరే. షవర్ తలను కాస్త వంచి నీరు దింపేస్తే సరిపోతుంది. కొన్ని మోడళ్ళు ఆపిన తరువాత లోపలి వేడినీటిని వెళ్ళగొట్టడానికి కొద్ది క్షణాలు చన్నీళ్ళను కూడా వదులుతాయి. గంట గడిచినా చుక్క ఆగకపోతే సోలినాయిడ్ వాల్వు రబ్బరు పొర కింద ఇసుక రేణువో గార ముక్కో ఇరుక్కుని ఉంటుంది, లేదా ఆ పొర అరిగిపోయి ఉంటుంది. నీటినీ కరెంటునూ ఆపి, విప్పి కడిగితే కొన్నిసార్లు సరిపోతుంది; పొర గట్టిపడి ఉంటే వాల్వు మార్చాలి.

షవర్ పెట్టె అడుగు నుంచి నీరు కారుతోంది. ఎంసీల్ పెట్టి మూసేయవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకండి. ఆ అడుగున ఉండే చిన్న గొట్టం ఒత్తిడి విడుదల కోసం పెట్టినది. షవర్ తల మూసుకుపోయి గానీ, హోస్ మెలిపడి గానీ లోపల ఒత్తిడి పెరిగినప్పుడు, వేడినీటి తొట్టి (నీరు పారుతూ వేడెక్కే లోపలి చిన్న డబ్బా) పగలకుండా అందులోని బంతి లేదా బిళ్ళ ఊడి నీటిని బయటికి వదులుతుంది. అది ప్రాణరక్షక ఏర్పాటు. దాన్ని మూయడం అంటే ఆవిరి బయటికి పోయే దారిని మూయడమే. ఊడిన బంతిని తిరిగి తోసి పెట్టడం కూడా కుదరదు, ఆ భాగాన్ని పూర్తిగా మార్చాలి. మార్చేముందు ఒత్తిడి ఎందుకు పెరిగిందో కనిపెట్టాలి. లేకపోతే కొత్తదీ వారంలో ఊడుతుంది.

కారేది ఆ గొట్టం నుంచి కాక కవర్ అంచుల నుంచి అయితే, లోపల ఏదో వాషర్ లేదా తొట్టి కారుతోంది. నీరూ టెర్మినళ్ళూ ఒకే పెట్టెలో ఉన్నాయి కనుక ఎంసీబీని వెంటనే ఆపండి.

వేడిచేసేటప్పుడు గరగరమని, ఒక్కోసారి ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది.

గరగర సాధారణంగా గార వల్ల వస్తుంది. ఎలిమెంట్ మీద పేరుకున్న పొర కింద చిక్కుకున్న నీరు అక్కడికక్కడే ఉడికి బుడగలు కడుతుంది. ఈల వస్తే సన్నబడిన దారి గుండా నీరు బలంగా పోతోందని అర్థం. షవర్ తల, ఫిల్టర్, సగం తెరిచిన వాల్వు చూడండి.

## కరెంటు వైపు తేడా ఉన్నప్పుడు

షవర్ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది. ఎలిమెంట్ పోయినట్టేనా?

చాలా సందర్భాల్లో అవును. ఎలిమెంట్ అంటే లోహపు గొట్టం మధ్యలో వేడెక్కే తీగ, రెంటికీ నడుమ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. గొట్టానికి సూదిమొన అంత చిల్లు పడినా పొడి తడిసి, కరెంటు నీటిలోకి, అక్కడి నుంచి ఎర్త్‌లోకి కారుతుంది. ఆన్ చేసిన రెండు మూడు నిమిషాలకు ట్రిప్ అయ్యే షవర్లూ ఉన్నాయి. వేడికి గొట్టం వ్యాకోచించినప్పుడే పగులు తెరుచుకుంటుంది.

అయితే టెర్మినల్ మీద నీరు కారినా, తీగ పైపొర కాలి లోహాన్ని తాకినా ఇదే జరుగుతుంది. ఒక తికమక కూడా ఉంది: న్యూట్రల్ తీగ ఎర్త్‌ను తాకుతుంటే, షవర్ ఎంసీబీని ఆపి ఉంచినా, ఇంట్లో మరో పరికరం వాడినప్పుడు ఆర్‌సీసీబీ ట్రిప్ కావచ్చు. ఎందుకంటే ఒక్క ఫేజ్‌నే తెంపే ఎంసీబీ న్యూట్రల్‌ను అలాగే ఉంచుతుంది. రెండు తీగలనూ తెంపే డబుల్ పోల్ ఐసోలేటర్‌ను ఆపితే ట్రిప్ ఆగిపోయిందనుకోండి, లోపం ఐసోలేటర్ దాటి షవర్ వైపే ఉన్నట్టు. ట్రిప్ అవుతున్న ఆర్‌సీసీబీని పక్కన పెట్టి షవర్‌ను నేరుగా కలపమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

ఆర్‌సీసీబీ కాదు, ఎంసీబీ ట్రిప్ అవుతోంది. అదీ పది నిమిషాల తరువాత.

కొంతసేపు ఆగి ట్రిప్ కావడం షార్ట్ సర్క్యూట్ లక్షణం కాదు; ఎంసీబీ వేడెక్కుతోంది. 8.5 కిలోవాట్ల షవర్ సుమారు 37 ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి ఉంటే కాసేపు భరించి పడిపోవచ్చు. ఎంసీబీ సరైన రేటింగ్‌దే అయితే దాని స్క్రూల దగ్గర తీగ వదులై ఆ వేడి ఎంసీబీకి పాకుతూ ఉండవచ్చు. కేబుల్ మందం చూడకుండా పెద్ద ఎంసీబీ వేయడం పరిష్కారం కాదు. అప్పుడు ఎంసీబీకి బదులు గోడలోని కేబుల్ వేడెక్కడం మొదలవుతుంది, అది కంటికి కనిపించదు.

ఐసోలేటర్ స్విచ్ వేడెక్కి, కాలిన వాసన వస్తోంది. షవర్ మాత్రం బాగానే పనిచేస్తోంది.

షవర్ బాగుందన్న ధైర్యంతో వాడుతూ పోవడమే ఇక్కడ ప్రమాదం. వేడెక్కిన స్విచ్‌ను తాకకుండా, బోర్డులోనే ఎంసీబీని ఆపండి. కారణం దాదాపు ఎప్పుడూ వదులైన స్క్రూ లేదా అరిగిన స్పర్శ. ఒక కలయిక దగ్గర 0.02 ఓమ్‌ల నిరోధం చేరినా చాలు. 37 ఆంపియర్ల దగ్గర అది 27 వాట్ల వేడి, అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. ఆ ఐరన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రోజూ అరగంట ఆన్ చేస్తున్నామని ఊహించుకోండి. నల్లబడిన స్విచ్‌ను మార్చాలి, కాలిన మేర తీగను కోసి కొత్త కొనను బిగించాలి; కేవలం స్క్రూ బిగిస్తే కాలిన రాగి మళ్ళీ వేడెక్కుతుంది. ఈ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

షవర్ వేయగానే ఇంట్లో దీపాలు మసకబారుతున్నాయి.

ఇంత పెద్ద లోడు మొదలైనప్పుడు లేశమాత్రం మసక సహజమే. స్పష్టంగా కనిపించేంత తగ్గుతుంటే, లేదా దీపాలు మినుకుమినుకుమంటుంటే, సర్వీసు తీగలోనో న్యూట్రల్‌లోనో వదులు ఉండవచ్చు, వెంటనే పరీక్ష చేయించాలి.

## విప్పి పరీక్షించేటప్పుడు

ఎలిమెంట్ బాగుందో లేదో మల్టీమీటర్‌తో ఎలా తెలుస్తుంది?

కరెంటు ఆపి, లేదని టెస్టర్‌తో నిర్ధారించుకున్న తరువాత, ఎలిమెంట్‌కు వచ్చే తీగను ఒక వైపు తప్పించండి. లేకపోతే పక్క ఎలిమెంట్ గుండా కొలత తప్పుగా వస్తుంది. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే రావలసిన నిరోధం తెలుస్తుంది. 230 వోల్టుల దగ్గర 4.25 కిలోవాట్ల ఎలిమెంట్‌కు సుమారు 12.4 ఓమ్‌లు, అటువంటివి రెండూ సమాంతరంగా ఉంటే 6.2 ఓమ్‌లు రావాలి. మీటర్ తీగలను ఒకదానికొకటి తాకించినప్పుడు చూపే కొద్ది నిరోధాన్ని ఈ అంకె నుంచి తీసివేయండి. అనంతం చూపితే ఎలిమెంట్ తెగింది.

నిరోధం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఎలిమెంట్ మంచిదని చెప్పలేము. ఎర్త్‌కు కారే లోపాన్ని కొద్ది వోల్టుల బ్యాటరీతో నడిచే మల్టీమీటర్ పట్టలేకపోవచ్చు. దానికి 500 వోల్టులతో కొలిచే ఇన్సులేషన్ టెస్టర్ కావాలి. తీగకూ గొట్టానికీ మధ్య కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. ‘మీటర్‌లో బాగుంది, బిగిస్తే ట్రిప్ అవుతోంది’ అనేవారి చిక్కుముడి ఇక్కడే విడుతుంది.

సోలినాయిడ్ వాల్వును ఎలా పరీక్షించాలి?

కరెంటు ఆపి, రెండు తీగలూ తీసి, చుట్ట నిరోధం కొలవండి. మెయిన్స్ వోల్టేజితో పనిచేసే చుట్ట కొన్ని వేల ఓమ్‌లు చూపుతుంది. అనంతం చూపితే కాలిపోయినట్టు. ఎలక్ట్రానిక్ మోడళ్ళలో తక్కువ వోల్టేజి చుట్టలు ఉంటాయి, వాటి నిరోధం చాలా తక్కువ. కాబట్టి మార్చేముందు చుట్ట మీద రాసిన వోల్టేజిని చదవండి.

థర్మల్ కటౌట్ తెగిపోయింది. రెండు తీగలను కలిపేస్తే పనిచేస్తుందట, నిజమేనా?

పనిచేస్తుంది, అందుకే ఆ సలహా ప్రమాదకరం. థర్మోస్టాట్ విఫలమైనప్పుడు వేడిని ఆపే చివరి కాపు ఇదే. 50 డిగ్రీల నీరు ఒళ్ళు కాల్చడానికి నిమిషాలు పడితే, 60 డిగ్రీల నీటికి సుమారు 5 సెకన్లు చాలు. పిల్లలకూ వృద్ధులకూ ఇంకా తక్కువ. పరీక్ష కోసమని కలిపి, ఆ తరువాత మరచిపోయినవి కూడా ఉంటాయి కనుక పరీక్షకు కూడా కలపకండి. నిరోధం కొలిస్తే సరిపోతుంది: బాగున్నది ఇంచుమించు సున్నా చూపుతుంది, తెగినది అనంతం. కొన్నింటికి తిరిగి నొక్కే బటన్ ఉంటుంది, కొన్నింటిని మార్చవలసిందే. ఊరికే తెగదు కనుక గార, తక్కువ ప్రవాహం, అంటుకుపోయిన స్విచ్‌లలో ఏది కారణమో చూసిన తరువాతే కొత్తది బిగించండి.

గారను ఎలా వదిలించాలి?

షవర్ తలను వెనిగర్‌లో గానీ, గోరువెచ్చని నీటిలో కలిపిన సిట్రిక్ యాసిడ్‌లో గానీ నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది కడగండి. మెరుగు పూత ఉన్నదాన్ని రాత్రంతా వదలకండి, అరగంటకోసారి చూడండి. ఈ ఆమ్లాలను బ్లీచింగ్ ద్రావణంతో ఎన్నడూ కలపకండి. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. నీటిలో సున్నం ఎక్కువైతే మూడు నెలలకోసారి తల శుభ్రం చేయడం అలవాటుగా పెట్టుకోండి. వేడినీటి తొట్టిలోకి ఆమ్లం పోయమని కొందరు చెబుతారు గానీ, తయారీదారు అనుమతించకపోతే నేను సిఫారసు చేయను. ఊడిన గార ముక్కలు వాల్వులో ఇరుక్కుని, ఒక లోపం రెండవుతుంది.

## భాగం మార్చిన తరువాత

ఎలిమెంట్ ఒక్కటే మార్చాలా, తొట్టి మొత్తం మార్చాలా?

మోడల్‌ను బట్టి ఉంటుంది. చాలావాటిలో ఎలిమెంట్ తొట్టితో కలిసే వస్తుంది. విడిగా వచ్చినా, రబ్బరు సీలును కూడా తప్పక కొత్తది వేయండి. భాగాన్ని షవర్ పేరుతో కాక మోడల్ సంఖ్య, కిలోవాట్లతో సరిపోల్చి కొనాలి; ఒకే పెట్టె మూడు రకాల శక్తులతో తయారవుతుంది.

అంతా బిగించాను. నేరుగా వేడి మీద పెట్టి చూడవచ్చా?

వద్దు. తొట్టి ఖాళీగా ఉండగా ఎలిమెంట్ వేడెక్కితే క్షణాల్లో కాలిపోతుంది. ముందు కరెంటు లేకుండానే నీటి వాల్వు తెరిచి కీళ్ళు కారడం లేదని చూడండి. తరువాత కవర్‌ను దాని సీలు మడతపడకుండా మూసి, అప్పుడు కరెంటు ఇచ్చి, చన్నీళ్ళ సెట్టింగ్‌లో ధార గాలి బుడగలు లేకుండా నిండుగా వచ్చేంత వరకు వదలండి. ఆ తరువాతే తక్కువ వేడి, చివరగా పూర్తి వేడి. కవర్ తీసి ఉంచి ‘ఒక్కసారి చూద్దాం’ అనే ప్రలోభాన్ని అణచుకోండి. చివరగా ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందని నిర్ధారించుకోండి.

ఎలాగూ మారుస్తున్నాను కదా, ఎక్కువ కిలోవాట్ల షవర్ పెట్టుకోవచ్చా?

కేబుల్ ఒప్పుకుంటేనే. 8.5 కిలోవాట్లకు 37 ఆంపియర్లయితే, 10.5 కిలోవాట్లకు 46 ఆంపియర్లకు దగ్గరగా కావాలి. ఈ స్థాయి షవర్లకు సాధారణంగా 6 లేదా 10 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వాడతారు. ఏది చాలుతుందన్నది కేబుల్ పొడవు, గోడలో దాన్ని వేసిన తీరు చూసి ఎలక్ట్రీషియన్ నిర్ణయించాలి. కేబుల్‌తోపాటు ఎంసీబీ, ఐసోలేటర్, ఇంటి మంజూరు లోడు కూడా సరిపోవాలి. మామూలు ప్లగ్గుకు ఇటువంటి షవర్‌ను తగిలించే ఆలోచన అసలే పనికిరాదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచేటప్పుడు ఏమి చెబితే పని త్వరగా అవుతుంది?

‘షవర్ పనిచేయడం లేదు’ అనే ఒక్క మాటతో ఆయన ఏ సామానూ తేలేరు. మోడల్ సంఖ్య, కిలోవాట్లు, ట్రిప్ అయ్యేది ఆర్‌సీసీబీయా ఎంసీబీయా, ఆన్ చేసిన ఎంతసేపటికి, చన్నీళ్ళ సెట్టింగ్‌లో కూడా అలాగే జరుగుతోందా అన్నవి చెప్పండి. షవర్ తల తీసి, ఒక బకెట్‌లోకి నిమిషంపాటు నీరు పట్టి ఎన్ని లీటర్లు వచ్చాయో కొలిచి అది కూడా చెప్పండి. చన్నీళ్ళకు ట్రిప్ కాక, వేడికి మాత్రమే ట్రిప్ అవుతోందని చెబితే ఆయన ఎలిమెంట్, ఇన్సులేషన్ టెస్టర్ వెంట తెచ్చుకుంటారు. బకెట్‌లో రెండు లీటర్లే వచ్చాయని చెబితే బహుశా ముందుగా ప్లంబర్‌ను పిలవమంటారు.